దేవుడి వేషం ఎవరు వేస్తారు?

మా ఊరు జమ్మలమడుగుకు దగ్గర్లో ఒక చిన్న పల్లె. డిసెంబరు వచ్చిందంటే చర్చిలో క్రిస్మస్ నాటకం వేషాల కోసం పిల్లల మధ్య గొడవ మొదలయ్యేది. పసి యేసును చంపించాలని చూసిన రాజు హేరోదు. ఆ వేషానికైతే ఐదారుగురు పోటీ. కిరీటం, కాటుకతో దిద్దిన మీసం, అట్టకత్తి, వికటాట్టహాసం, అన్నీ ఆ వేషానికే. గొర్రెల కాపరులకూ కొదవ లేదు, దుప్పటి కప్పుకుని నిలబడితే చాలు. దేవుడి వేషం మాత్రం ఎవరూ అడగరు. అసలు ఆ వేషమే ఉండదు. దేవుడు మాట్లాడాల్సిన చోట తెర వెనకాల ఒకరు కూర్చుని మైకులో చదువుతారు, అంతే.

ఒక ఏడాది నాటకంలో ఏదెను తోట కూడా కలిపారు, వద్దన్న పండు తిన్న ఆదాము దేవుడికి కనబడకుండా దాక్కునే ఘట్టం. నాది అప్పుడే గొంతు మారుతున్న వయసు. కాస్త బరువుగా పలుకుతుందని మైకు నా చేతికిచ్చారు. నేను చదవాల్సింది ఒకటే మాట: "ఆదామా, నీవు ఎక్కడ ఉన్నావు?" మైకు ముందు కుయ్యిమని అరిచింది. తర్వాత నా గొంతు నాది కానట్టు బయట వేపచెట్టుకు కట్టిన లౌడ్‌స్పీకర్లోంచి మోగింది. అట్టచెట్టు వెనక దాక్కున్న ఆదాము నాకన్నా నాలుగేళ్లు చిన్నోడు. నేర్పించిన మాట మరిచిపోయి "ఈడనే ఉండానన్నా" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. ఇంటికి వస్తుంటే దారిలో మా అవ్వ మాత్రం నవ్వకుండా అడిగింది: "దేవునికి తెలీదంట్రా, వాడు యాడుండాడో?"

తర్వాతి ఆదివారం పాస్టరు గారు దానికి జవాబు చెప్పారు. దేవుడు తెలియక అడగలేదు, వాడి తప్పు వాడి నోటితోనే చెప్పించడానికి అడిగాడని. జవాబు బాగానే ఉంది. కానీ అవ్వ ప్రశ్న మా చర్చి గుమ్మం దగ్గర ఆగేది కాదు. దేవుణ్ణి పాత్రగా పెట్టి కావ్యం రాయబోయిన ప్రతి క్రైస్తవ కవికీ అది అడ్డం వచ్చింది. అన్నీ తెలిసినవాడికి కథలో ఏం పని?

కథ నడవాలంటే ఎవరికో ఏదో కావాలి. అది దొరుకుతుందో లేదో తెలియకూడదు. అడ్డుపడేవాడు ఒకడుండాలి. ఒక్క మాటలో చెప్పాలంటే టెన్షన్ కావాలి. క్రైస్తవ వేదాంతం చెప్పే తండ్రి దేవుడికి ఇందులో ఒక్కటీ లేదు. ఆయనకు తెలియనిది లేదు, తక్కువైంది లేదు, ఎదురు నిలిచి గెలిచేవాడు లేడు. నిన్న ఒకలా నేడు ఒకలా ఉండడు. పోనీ, కవుల చేతిలో ఉన్న అచ్చు ఏది? గ్రీకు, లాటిన్ వీరకావ్యం. హోమర్ దేవుళ్లు అలుగుతారు, పంతాలు పడతారు, పక్షం కడతారు. భార్య అలంకరించుకుని వస్తే యుద్ధం సంగతే మరిచి నిద్రపోతాడు దేవతల రాజు. ఆ అచ్చులో ఈ దేవుణ్ణి పోయడమంటే చెంబులో చెరువును పట్టడమే.

మొదట్లో ఈ ఇబ్బంది అంతగా బయటపడలేదు. సుమారు 330లో స్పెయిన్ దేశపు గురువు జువెంకస్ సువార్తలను లాటిన్ మహాకవి వర్జిల్ ఛందస్సులో రాశాడు. మూలానికి దూరం జరగలేదు కాబట్టి చిక్కూ రాలేదు, గొప్ప కవిత్వమూ రాలేదు. 9వ శతాబ్దంలో పాత శాక్సన్ భాషలో వచ్చిన 'హెలియాండ్' మాత్రం ఆగి చూడదగ్గది. దాదాపు 6,000 పాదాల కావ్యం, కవి పేరు తెలియదు. శాక్సన్లు కత్తి పట్టి బతికే జాతి. ఫ్రాంకుల రాజు షార్లమేన్ వాళ్లను కొట్టి లొంగదీసి మతంలోకి తెచ్చాడు. ఆ వినేవాళ్ల కోసం కవి క్రీస్తును దొరగా, శిష్యులను ఆయన ఉప్పు తిన్న బంట్లుగా చేశాడు. మన సీమ లెక్కలో పాలెగాడూ అతని మనుషులూ అనుకోండి. క్రీస్తును పట్టుకోవడానికి వచ్చినప్పుడు శిష్యుడు పేతురు కత్తి దూసి ప్రధానయాజకుని దాసుడి చెవి నరకడం బైబిల్లో ఒక్క వాక్యం. ఈ కవి అక్కడ తీరిగ్గా కూర్చుంటాడు. పేతురు గుండెలో కోపం పొంగడం, నోట మాట పెగలకపోవడం, నెత్తురు చిమ్మడం, అన్నీ చెప్తాడు. వినేవాళ్లు ఉర్రూతలూగిపోతుండగా దొర అంటాడు: కత్తి ఒరలో పెట్టు. వీరకావ్యపు అచ్చు అక్కడే చిట్లుతుంది.

తండ్రి దేవుణ్ణి చూపించే విషయంలో అందరికన్నా తెలివైన దారి పట్టినవాడు ఇటలీ కవి డాంటే. 1321లో చనిపోయే ముందు ముగించిన 'డివైన్ కామెడీ' నూరు సర్గలు, 14,233 పాదాలు. నరకం, పాపాలు కడిగే కొండ, పరలోకం, డాంటే తనే యాత్రికుడిగా చేసే ఇంత ప్రయాణంలో దేవుడు ఎక్కడా పాత్రగా వచ్చి సంభాషణ నడపడు. నరకంలోనైతే క్రీస్తు పేరే ఎవరూ ఎత్తరు. పరలోకం చివరికి చేరుతుంటే ముందు ఒక చుక్క కనిపిస్తుంది. కళ్లు మూసుకోవాల్సినంత వెలుగున్న చుక్క. ఆకాశమూ ప్రకృతీ అంతా ఆ చుక్కనే పట్టుకుని వేలాడుతున్నాయంటారు ఆయనకు. సర్వవ్యాపి అనగానే మనకు విశ్వరూపం, ఇంతింతై పెరిగిన వామనుడు గుర్తొస్తారు. డాంటే దానికి పూర్తిగా ఎదురు వెళ్లి చుక్కంత చేశాడు.

ఆఖరి సర్గలో వెలుగు లోపల మూడు వలయాలు కనబడతాయి. రంగులు మూడు, కొలత ఒకటే. ఒకే దేవుడిలో ముగ్గురు: తండ్రి, కుమారుడైన క్రీస్తు, పరిశుద్ధాత్మ. అందులో ఒక వలయంలో మనిషి రూపం, ఆ వలయపు రంగుతోనే దిద్ది ఉంటుంది. అదే రంగు మీద అదే రంగుతో వేసిన బొమ్మ ఎలా కనబడుతుంది? డాంటేకూ అదే పట్టుబడలేదు. వృత్తానికి సరిపోయే చతురస్రం గీయాలని కూర్చుని సూత్రం దొరక్క తల పట్టుకున్న లెక్కల మాస్టారి లాగా అయ్యానంటాడు. అంతలో ఒక మెరుపు తగిలి తెలిసిపోతుంది. ఏం తెలిసిందో మాత్రం చెప్పడు. సూర్యుణ్ణీ తక్కిన నక్షత్రాలనూ కదిలించే ప్రేమ అంటూ కావ్యం ఆగిపోతుంది.

అదే సర్గలో ఉన్న ఇంకో పోలిక నాకు డాంటేలో అన్నిటికన్నా ఇష్టం. విశ్వమంతటా విడి ఆకులుగా చెదిరిపోయినవన్నీ ఆ వెలుగు లోతులో ప్రేమతో కట్టిన ఒకే పుస్తకంగా ఉన్నాయంటాడు. ఆయన మనసులో ఉన్నది తోలు కాగితాల పుస్తకం. కడపలో సి.పి. బ్రౌన్ పేరు మీదున్న భాషా పరిశోధన కేంద్రంలో తాటాకు కట్టలు చూసినవాళ్లకు ఈ పోలిక ఇంకా దగ్గరగా తగులుతుంది. దారం ఊడిన కట్టలో ఏ ఆకు ముందో ఏది వెనకో తెలియదు. చిల్లుల్లోంచి దారం దూర్చి బిగిస్తేనే అది గ్రంథం. డాంటే దేవుడు ఆ దారం లాంటివాడు. కనబడడు, కానీ ఆయన లేకపోతే ఆకులు నిలవవు.

ఇంగ్లీషు కవి మిల్టన్ ఈ దారిన పోలేదు. దేవుణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టి మాట్లాడించాడు. తర్వాతి గొడవంతా అక్కడే పుట్టింది.

ఆయన సంగతి కొంచెం చెప్పాలి. 1649లో ఇంగ్లండు జనం తమ రాజు తల నరికితే, అది న్యాయమేనని పుస్తకాలు రాసినవాడు మిల్టన్. కొత్త ప్రభుత్వంలో ఉద్యోగం చేశాడు. 1652 కల్లా రెండు కళ్లూ పోయాయి. 1660లో రాచరికం తిరిగొచ్చింది, కొన్నాళ్లు ఖైదులో పడి ప్రాణాలతో బయటపడ్డాడు. గుడ్డివాడు, ఓడిపోయినవాడు, ఒకరి చేత రాయిస్తూ చెప్పిన కావ్యం 'పారడైజ్ లాస్ట్'. 1667లో పది భాగాలుగా అచ్చయింది, 1674లో పన్నెండుగా సర్దారు. అచ్చువేసినాయన మొదట చేతిలో పెట్టింది ఐదు పౌండ్లు. కావ్యం మొదట్లోనే తన పని ఏమిటో చెప్పేశాడు: దేవుడు చేసింది న్యాయమని మనుషుల ముందు నిరూపించడం. ఇది కోర్టు భాష. భక్తుడి నోట రావాల్సిన మాట కాదు, వకీలు నోట రావాల్సింది. అయితే ఈ వకీలు తన కక్షిదారుణ్ణే బోనెక్కించి మాట్లాడించాడు.

మూడో భాగంలో తండ్రి పైనుంచి కిందికి చూస్తాడు. నరకం దాటి కొత్త లోకం వైపు ఎగిరిపోతున్న సాతాను కనిపిస్తాడు. ఆపడు. పక్కనున్న కుమారుడికి చూపించి, జరగబోయేది చెప్తాడు. ఆ మాటల సారం ఇది. వీడు మనిషిని అబద్ధాలతో లొంగదీస్తాడు, మనిషి పడిపోతాడు. తప్పెవరిది? వాడిది కాక ఇంకెవరిది? కృతఘ్నుడు! నా దగ్గర వాడికి దొరకాల్సిందంతా దొరికింది. నిలబడటానికి చాలినంత బలమిచ్చాను, పడిపోయే స్వేచ్ఛా ఇచ్చాను. పడతాడని నాకు ముందే తెలుసు. అలాగని నాకు తెలియడం వల్ల పడలేదు. నాకు తెలియకపోయినా పడేవాడే.

గమనించారా, ఆదాము ఇంకా పండు ముట్టుకోలేదు. తోటలో హాయిగా ఉన్నాడు. అప్పుడే కృతఘ్నుడయ్యాడు. వేదాంతం ప్రకారం దేవుడికి నిన్న, రేపు లేవు, అన్నీ ఒకేసారి కళ్ల ముందుంటాయి. చదివేవాడికి మాత్రం పేజీ తర్వాత పేజీ ఉంటుంది. చేయని నేరానికి తిట్లు తింటున్న మనిషి మీద జాలి పుట్టకుండా ఎలా ఉంటుంది?

ఆ తర్కం తప్పా అంటే తప్పు కాదు. అనంతపురం వైపు రైతు ఎవరికైనా అది చిటికెలో అర్థమవుతుంది. ఆ చేన్లో నీళ్లు పడవురా అని తండ్రి చెప్తాడు. కొడుకు వినకుండా అప్పు చేసి ఇంకో బోరు వేయిస్తాడు. వందల అడుగులు దిగినా దుమ్మే లేస్తుంది. తండ్రికి ముందే తెలుసు, కానీ ఆయనకు తెలిసినందువల్ల బోరు ఎండలేదు. అంతవరకు సరే. ఆ సాయంత్రం కేసింగ్ పైపు పక్కన తల పట్టుకుని కూర్చున్న కొడుకు దగ్గరకొచ్చి, "నేను ముందే చెప్పలా? తప్పెవరిది?" అని ఈ లెక్కంతా వరసగా అప్పజెప్తే ఆ తండ్రిని ఊళ్లో ఎవరు మెచ్చుకుంటారు? పైగా ఇక్కడి తండ్రి ఆ నేలనూ, ఆ నీటినీ, ఆ కొడుకునూ తన చేత్తో చేసినవాడు. బోరు పోలిక అక్కడ తెగిపోతుంది. తెగిన చోటే మిల్టన్‌కున్న అసలు కష్టం కనబడుతుంది.

1737లో అలెగ్జాండర్ పోప్ (రోము పోపు కాదు, ఇంగ్లీషు కవి) దీన్ని ఒక్క ఎత్తిపొడుపుతో తేల్చేశాడు. మిల్టన్ చేతిలో తండ్రి దేవుడు వేదాంతం చెప్పే పంతులైపోయాడని. దాదాపు మూడు వందల ఏళ్లుగా ఆ దెబ్బ ఆ దేవుడి వీపు మీద అలాగే ఉంది.

తెలుగువాళ్లకు ఇది ఇంకొంచెం ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. దానికి కారణం పోతన. (ఆయన ఒంటిమిట్టవాడా, ఓరుగల్లువాడా అన్న తగవు ఇక్కడ పెట్టుకోను. కడపవాణ్ణి కాబట్టి నా పక్షం మీరు ఊహించుకోవచ్చు.) గజేంద్ర మోక్షంలో ఏనుగు పిలవగానే విష్ణువు ఏం చేశాడు? "సిరికిం జెప్పడు." పక్కనున్న లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు చేత పట్టలేదు, పరివారాన్ని పిలవలేదు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయలేదు, చెవి మీద పడ్డ జుట్టు కూడా సర్దుకోలేదు. చేతిలో ఉన్న ఆమె చెంగు వదలడం సైతం మరిచి పరుగెత్తాడు. పద్యమంతా ఆయన చేయని పనుల జాబితా. కంగారనేది లేని వాడి కంగారు. అంతకు కాస్త ముందే ఏనుగు "కలడు కలండనెడివాడు కలడో లేడో" అని అనుమానపడింది కూడా. ఆ అనుమానానికి విష్ణువు తర్కంతో జవాబు చెప్పలేదు, ఉరికి వచ్చాడు.

విష్ణువూ సర్వజ్ఞుడే కదా, పోతనకు దొరికిన వీలు మిల్టన్‌కు ఎందుకు దొరకలేదు? మనకు లీల అనే మాట ఉంది. తెలిసీ తెలియనట్టు, అవసరం లేకపోయినా కంగారు పడ్డట్టు దేవుడు ఆడతాడని అందరూ ఒప్పుకున్నాక కవికి పట్టపగ్గాలుండవు. క్రైస్తవంలో దేవుడు శరీరం ధరించి కిందికి దిగడం ఒక్కసారే, ఒక్క మనిషిగానే, చరిత్రలో ఫలానా రోజుల్లోనే. అది లీల కాదు. నిజంగా ఆకలి, నిజంగా చెమట, నిజంగా చావు. అందుకని పరుగూ కన్నీరూ కుమారుడి పాలికి వెళ్లాయి. పరలోకంలో తండ్రికి సింహాసనం, ఉపన్యాసం మిగిలాయి.

మన దగ్గర ఈ చిక్కు గురించి ఒక కథ కూడా ఉంది. "అల వైకుంఠపురంబులో నగరిలో" అని మొదలుపెట్టిన పోతనకు వైకుంఠం ఎలా ఉంటుందో తోచక కలం ఆగిపోయిందట. ఆయన బయటికి వెళ్లినప్పుడు దేవుడే పోతన రూపంలో వచ్చి పద్యం పూర్తి చేసి పోయాడట. నిజమో కాదో వదిలేద్దాం. దేవుడి ఇంటిని వర్ణించాల్సి వస్తే కవికి కలం ఆగాలి అన్న ఇంగితం ఆ కథలో ఉంది. మిల్టన్‌కు ఆ ఇంగితం లేదంటే అన్యాయమవుతుంది. ఆ మూడో భాగాన్నే ఆయన వెలుగుకు దండం పెట్టి, తన గుడ్డితనం చెప్పుకుని మొదలుపెట్టాడు. అదే భాగంలో దూతలు తండ్రిని కీర్తిస్తూ, అతి వెలుగు వల్ల నీ అంగీ అంచులు చీకటిగా కనిపిస్తున్నాయంటారు. మే నెలలో కర్నూలు ఎండలోంచి ఒక్కసారిగా ఇంట్లోకి అడుగుపెట్టినప్పుడు కళ్ల ముందు కమ్ముకునే చీకటి తెలిసినవాళ్లకు ఆ పాదం వివరించక్కర్లేదు. ఒకే భాగంలో ఇద్దరు దేవుళ్లున్నారు. దూతలు పాడే దేవుడు గొప్ప కవిత్వం. తనే మాట్లాడే దేవుడు వకీలు నోటీసు.

ఇంకో చోట కూడా మిల్టన్ పనితనం చూడాలి. మనిషి రుణం తీర్చడానికి ఎవరు చావడానికి సిద్ధం అని తండ్రి అడుగుతాడు. పరలోకంలో ఉలుకూ పలుకూ లేదు. దూతలందరూ మూగబోయి నిలబడ్డారు. అప్పుడు కుమారుడు నేను పోతానంటాడు. ఇది చదవగానే వెనక్కి వెళ్లి రెండో భాగం తిరగేయాలి. అక్కడ నరకంలో సభ. కొత్త లోకానికి ప్రమాదకరమైన దారిన ఎవరు పోతారన్న ప్రశ్న. అక్కడా ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు సాతాను లేచి నేను పోతానంటాడు, ఇంకెవరికీ ఆ పేరు దక్కకుండా వెంటనే సభ ముగించేస్తాడు. ఒకే మౌనం రెండుసార్లు. ఒకడు పేరు కోసం లేచాడు, ఒకడు చావు కోసం. ఒక్క వ్యాఖ్య చేయకుండా రెండిటినీ పక్కపక్కన పెట్టాడు కవి. కుమారుడు తండ్రితో ఇలా విడిగా నిలబడి మాట్లాడటానికి ఇంకో కారణమూ ఉంది. 1823లో బయటపడ్డ లాటిన్ వేదాంత గ్రంథంలో కుమారుడు తండ్రికి సమానుడు కాడనే వాదం ఉంది. అది మిల్టన్ రాసిందేనని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. చర్చి దృష్టిలో తప్పుడు సిద్ధాంతమే కావచ్చు. నాటకానికి మాత్రం కలిసొచ్చింది.

సాతాను తిరుగుబాటు కథ సీమవాళ్లకు కొత్తగా అనిపించదు. దూతలందరినీ పిలిపించి తండ్రి కుమారుణ్ణి చూపించి ప్రకటిస్తాడు: ఈ రోజు నుంచి వీడే మీ అందరికీ పెద్ద, వీడికి మొక్కండి. అన్నేళ్లు సేవ చేసిన పెద్ద దూతకు (వాడే తర్వాత సాతాను) మండింది. అర్ధరాత్రి తన మనుషుల్ని లేపుకుని ఉత్తర దిక్కుకు వెళ్లిపోయాడు. మూడో వంతు మంది వెంట నడిచారు. కొడుకును వారసుడని పంచాయితీలో ప్రకటించగానే పాత అనుచరుడు వర్గం కట్టడం మనం చూడనిదా? పైనుంచి చూస్తున్న తండ్రి నవ్వి, మన సర్వశక్తికి ఎసరొచ్చేట్టుంది, జాగ్రత్తపడాలి అని కుమారుడితో ఎగతాళిగా అంటాడు. రెండో కీర్తనలో "ఆకాశమందు ఆసీనుడగువాడు నవ్వుచున్నాడు" అని ఉంది, మిల్టన్ దాన్ని నమ్ముకునే రాశాడు. పాటలో ఆ నవ్వు బాగుంటుంది. కథలో మాత్రం, గెలుపు ఖాయమని తెలిసినవాడు ఓడిపోయేవాణ్ణి చూసి నవ్వితే, చదివేవాడి మనసు ఓడిపోయేవాడి వైపు జారుతుంది.

తర్వాతి ఇంగ్లీషు కవులు బ్లేక్, షెల్లీ పట్టుకున్నది ఈ జారుడునే. దూతల గురించి, దేవుడి గురించి రాసేటప్పుడు మిల్టన్ చేతికి సంకెళ్లుంటాయి, సాతాను గురించి రాసేటప్పుడు ఉండవు, ఎందుకంటే తనకు తెలియకుండానే ఆయన సాతాను పక్షం అన్నాడు బ్లేక్. మిల్టన్ దేవుడి కన్నా సాతానే నీతిలో మేలన్నాడు షెల్లీ. హేరోదు వేషానికి కొట్టుకున్న మా చర్చి పిల్లల్ని తలచుకుంటే ఈ మాటలు సగం అర్థమవుతాయి. సురభి నాటకాలు పుట్టింది మన జిల్లాలోనే, 1885లో. మొదటి ఆట 'కీచక వధ'. ఆట పేరులో ఉన్నది కీచకుడే. కోరిక ఉన్నవాడు, భయం ఉన్నవాడు, రేపు ఏమవుతుందో తెలియనివాడు స్టేజీ మీద ఉంటే కళ్లు అటే పోతాయి. దానికి కవి సాతాను పార్టీలో సభ్యత్వం తీసుకోనక్కర్లేదు.

20వ శతాబ్దంలో ఈ తగవు సాహిత్య విమర్శకుల మధ్య మళ్లీ రాజుకుంది. మిల్టన్ దేవుడు నచ్చడం లేదనేవాళ్లలో చాలామందికి అసలు దేవుడే నచ్చడు, ఆ మాట ఒప్పుకోండి అన్నాడు 1942లో సి.ఎస్. లూయిస్. విలియం ఎంప్సన్ 1961లో, అవును, నచ్చడు, ఆ దేవుడు అచ్చం స్టాలిన్‌లా ఉన్నాడు, అంత నిజాయితీగా చూపించాడు కాబట్టే కావ్యం గొప్పదైంది అన్నాడు. 1967లో స్టాన్లీ ఫిష్ మూడో దారి తీశాడు. సాతాను మాటలకు నువ్వు పడిపోయావంటే ఆదాము భార్య హవ్వ ఎలా పడిందో నీకు తెలిసొచ్చినట్టే, కవి పన్నిన ఉచ్చు అదే అని. ఫిష్ వాదం చాలా చురుకైనది, నాకు కొంచెం అనుమానం కూడా. కావ్యంలో ఏ లోపం చూపించినా అది కావాలని పెట్టిందేనని చెప్పే వీలు అందులో ఉంది. విసుగు పుట్టించే ఉపన్యాసం పరీక్ష కోసమే పెట్టారన్నా, విసుగు విసుగే.

రఫాయేలు అనే దూత నోట మిల్టన్ తన సంజాయిషీ తనే చెప్పించుకున్నాడు. పరలోకపు సంగతులు మనిషికి అర్థమవ్వాలంటే శరీరమున్న వాటితో పోల్చి చెప్పాలి అంటాడు ఆ దూత. పసిబిడ్డకు చంద్రుణ్ణి మామను చేసి చూపించడం లాంటిదే ఇది. కాకపోతే చందమామ బువ్వ తింటాడు గానీ పాఠం చెప్పడు.

మన దేశంలో క్రైస్తవ కావ్యాలు రాసినవాళ్లు ఈ బురదలో ఎక్కువగా దిగలేదు. 1616లో గోవాలో థామస్ స్టీఫెన్స్ మరాఠీలో 'క్రిస్తపురాణం' అచ్చువేయించాడు. ఓవీ ఛందస్సులో దాదాపు 11,000 పద్యాలు. ఆయన ఇంగ్లండువాడు. ఇంగ్లండులో మిల్టన్ అప్పటికి ఏడేళ్ల పిల్లాడు. పురాణం అన్న పేరులోనే ఆయన సగం సమస్య తీర్చుకున్నాడు, వినడానికి కూర్చున్నవాళ్లకు ఎలా వినాలో ముందే తెలుసు. తమిళంలో వీరమామునివర్ 1726లో ముగించిన 'తేంబావణి' 3,615 పద్యాలు. నాయకుడిగా ఆయన ఎంచుకున్నది యోసేపును, మరియ భర్తను. నాకిది అన్నిటికన్నా గడుసు ఎత్తు అనిపిస్తుంది. యోసేపు చేతుల్లో దేవుడు పసివాడు. ఎత్తుకోవాలి, ఎవరో చంపబోతే రాత్రికి రాత్రి ఐగుప్తుకు పారిపోవాలి. సర్వశక్తిమంతుణ్ణి కాపాడాల్సిన భయం వడ్రంగి మీద పడింది. టెన్షన్ దానంతటదే వచ్చేసింది. తెలుగులోనూ 18వ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనం' అని క్రీస్తు కథను ప్రబంధంగా రాశాడు.

ఇక జాషువా. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఆ కావ్యాన్ని నేను ఎప్పుడూ 'గబ్బిలం' పక్కన పెట్టుకునే చదువుతాను. 'గబ్బిలం'లో దేవుడు గుడి లోపల ఉన్నాడు, అంటరానివాడు బయట ఉన్నాడు. తన గోడు శివుడి చెవిన వేయమని గబ్బిలాన్ని బతిమాలతాడు, గుడిలోకి దానికి అడ్డు లేదు కనుక. అక్కడ దేవుడి గురించిన ప్రశ్న ఆయనకు అన్నీ తెలుసా లేదా అన్నది కాదు. మాట ఆయన దాకా పోనిస్తారా లేదా అన్నది. ఆ కవే క్రీస్తు కథ ఎత్తుకుంటే, పైన కూర్చున్న తండ్రి తీర్పుల కన్నా కుష్ఠురోగిని ముట్టుకున్న చెయ్యి ఎక్కువ పలకడంలో ఆశ్చర్యం లేదు. మిల్టన్ బోనులో దేవుణ్ణి నిలబెట్టింది తర్కం. జాషువా నిలబెట్టాల్సి వస్తే ముందు పూజారిని నిలబెట్టేవాడు.

అయితే తండ్రి పరుగెత్తలేడన్నది బైబిల్ పెట్టిన నియమం కాదు, కవులు పెట్టుకున్నది. లూకా సువార్త 15వ అధ్యాయంలో ఆస్తి పంచుకుని పోయి పందుల దగ్గర తేలిన కొడుకు తిరిగి వస్తాడు. "వాడింక దూరముగా ఉన్నప్పుడు తండ్రి వానిని చూచి కనికరపడి, పరుగెత్తి" అని ఉంది అక్కడ. సిరికి చెప్పని పరుగే అది. ఇంకో చిన్న సంగతి కూడా ఉంది. కొడుకు దారిలో ఒక క్షమాపణ తయారు చేసుకున్నాడు, చివర్లో నన్ను నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో అనాలని. తీరా ఎదురుపడ్డాక ఆ చివరి మాట దాకా పోనే లేదు. తండ్రి మధ్యలోనే పనివాళ్లను పిలిచి బట్టలు తెమ్మన్నాడు, ఉంగరం తెమ్మన్నాడు, చెప్పులు తెమ్మన్నాడు. తప్పెవరిది అని అడగలేదు.

మైకు నా చేతికిచ్చిన రెండేళ్లకు మా చర్చిలో ఆ కథే నాటకం వేశారు. అది ఉపమానం, తండ్రి ఉపమానంలో పాత్ర, కాబట్టి స్టేజీ మీదికి మనిషి రావచ్చని పెద్దలు ఒప్పుకున్నారు. సంఘంలో ఒక పెద్దాయన, గుత్తకు చేను చేసుకునే మనిషి, ఆ వేషం వేశాడు. రిహార్సల్‌లో నెమ్మదిగా నడిచి రమ్మని నేర్పించారు. ఆ రాత్రి మాత్రం కొడుకు వేషం కుర్రాడు పెట్రోమాక్స్ లైటు దాటాడో లేదో, ఈయన పంచె ఎగ్గట్టి ఉరికాడు. ఉరికి వాణ్ణి పట్టుకున్నాడు, వాడి మొహం ఈయన భుజంలో కూరుకుపోయింది, డైలాగు బయటికి రాలేదు. తెర దించాక వాడు మేకప్ తుడుచుకుంటూ అందరితో మొరపెట్టుకుంటున్నాడు: "నా మాటలు ఇంగా రెండు ఉండె. మామ చెప్పనీలా."